ఈ ఆదివారం పూజ ఐస్ హాల్లో

"అంబ్రోజ్ ప్రకటన ఉంచనా, తీసేయనా?"

టైపు మిషను మీంచి తలెత్తకుండానే అడిగింది లియోనా క్రిచ్. సార్జెంట్ ఆగ్నెస్ డ్రోవర్ బూట్లకంటిన మంచు గడప దగ్గర దులిపి, స్టవ్ పక్కనున్న కుర్చీలో కూలబడింది. ఆదివారం మధ్యాహ్నం నుంచీ ఆమెకు సరైన నిద్ర లేదు. కుడి మోకాలు మెట్టెక్కినప్పుడల్లా పేరు పెట్టి మరీ తిడుతున్నట్టుంది.

"ఏ ప్రకటన పిన్నీ?"

"'పియానో నేర్పబడును. పిల్లలకూ పెద్దలకూ. ఓర్పు గల గురువు. ఎ. టఫ్, చర్చి వీధి.' విద్య శీర్షికలో ఎప్పుడూ మొదటిది అతనిదే. ఉంచితే, చచ్చినవాడు పాఠాలెలా చెప్తాడని నవ్వుతారు. తీసేస్తే, మట్టి కూడా వెయ్యకముందే తుడిచేసిందంటారు."

"ఈ వారానికి ఉంచు."

"నేనూ అదే అనుకున్నా," అని లియోనా మళ్ళీ టైపు మొదలుపెట్టింది.

'రీచ్ కొరియర్' వారానికోసారి వచ్చే పత్రిక. మొదటి పేజీలో ఉండే సంగతులన్నీ టోబిన్స్ రీచ్ ఊరి జనం ముందే నోటినోటా వినేసి ఉంటారు కాబట్టి దాన్నెవరూ చదవరు. అందరూ ముందు తిప్పేది ఆఖరి పేజీ. విద్య, పనివాళ్ళు, ఆటలు, చర్చి. ట్యూషన్ చెప్పేదెవరు, చిమ్నీ తుడిచేదెవరు, ఈ వారం హాకీ ప్రాక్టీసు ఎప్పుడు, పూజ ఎప్పుడు... ఊరంతా ఆ పేజీ చెప్పినట్టు నడుస్తుంది. ఇదే పేపర్లో పనిచేసే భర్త వెళ్ళిపోయిన ఏడాది నుంచీ ఆ పేజీ లియోనా చేతిలోనే ఉంది.

'వెళ్ళిపోయాడు' అన్నది మర్యాద కోసం వాడే మాట. బడిలో రీటా డాలిమౌంట్ అనే టీచరుండేది. వాల్టర్ క్రిచ్ ఆమెతో కలిసి పడవెక్కి లేచిపోయాడని ఊరందరికీ తెలుసు. అప్పటికి ఆగ్నెస్‌కి పదకొండేళ్ళు. రీటా టీచరు క్లాసులోనే చదివేది. ముప్పై ఏళ్ళు దాటిపోయాయి. లియోనా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. వాల్టర్ పేరెత్తిన మనిషితో ఆరేసి నెలలు మాట్లాడేది కాదు.

"పోయిన గురువారం పేపరొకటి ఇవ్వు," అంది ఆగ్నెస్.

లియోనా ఇచ్చింది. ఆగ్నెస్‌కి అందులోని ప్రకటనలు ఇప్పటికే నోటికొచ్చేశాయి. అయినా మళ్ళీ చదివింది. చర్చి శీర్షిక కింద: 'సెయింట్ కీరన్ చర్చిలో బాయిలర్ చెడిపోయినందున ఈ ఆదివారం ఉదయం పూజ ఐస్ హాల్లో జరుగును.' ఆటల శీర్షిక కింద: 'ఐస్ మరమ్మతు కారణంగా ఆదివారం ఏ జట్టుకూ హాకీ ప్రాక్టీసు లేదు.'

ఊరంతా ఐస్ హాలుకే వెళ్ళింది. ఆగ్నెస్ కూడా వెళ్ళింది. ఊరి చివర, పిల్లలు స్కేట్లు కట్టుకుని ఐస్ మీద హాకీ ఆడే ఆ రేకుల షెడ్డులో చెక్క బెంచీల మీద అందరూ చలికి ముడుచుకుని కూర్చున్నారు. హీటర్ల స్విచ్ ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. పాటల పుస్తకాలు చర్చిలోంచి తెస్తానని అంబ్రోజ్ టఫ్ అంతకు ముందే చెప్పి వెళ్ళాడు. ఎంతసేపు చూసినా రాలేదు. "ముసలాయన దారిలో రాగం తీస్తూ నిలబడి ఉంటాడు," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆగ్నెస్ కూడా నవ్వింది. చివరికి ఫాదర్ కోల్‌మన్ పాటలు లేకుండానే పూజ కానిచ్చేశారు. తర్వాత వెతకడానికి వెళ్ళిన ఇద్దరికి అంబ్రోజ్ చర్చి నేలమాళిగలో తల పగిలి పడి కనిపించాడు.

"ఈ ప్రకటన నేనివ్వలేదంటున్నారు ఫాదర్," అంది ఆగ్నెస్. "పేపర్లో పడింది కదా, సంఘం పెద్దలు వేయించారనుకుని ఆయనా వెళ్ళారట. పెద్దలనడిగితే ఫాదర్ వేయించారనుకున్నాం అంటున్నారు."

"కొత్త మనిషి. ఎవరేం చెప్పినా తలూపుతాడు పాపం."

"ఎవరిచ్చారు పిన్నీ?"

"పోస్టులో వచ్చింది."

"హాకీ ప్రకటన కూడానా?"

"రెండూ ఒకే కవర్లో."

"కవరేదీ?"

"స్టవ్‌లో పడేశా. టైపు కొట్టగానే పడేస్తాను. ఇక్కడ దాచుకోడానికి చోటెక్కడిది?"

"ఎప్పుడొచ్చింది?"

"బుధవారం."

ఆగ్నెస్ కళ్ళు మూసుకుంది. ఈ మనిషి అబద్ధమాడుతుంటే వినడం మోకాలి నొప్పికంటే కష్టంగా ఉంది. "పిన్నీ, పోయిన వారం మంచుకి రోడ్డు మూసుకుపోయింది. శుక్రవారం దాకా పోస్టు బండి ఊళ్ళోకి రాలేదు. మా అమ్మ మందుల పార్సిల్ కోసం రోజూ పోస్టాఫీసు గుమ్మంలో నిలబడింది నేనే."

టైపు చప్పుడు ఆగింది.

"ఊళ్ళోవాళ్ళే వేసుంటారు."

"ఊళ్ళో వేసినా, సిటీకి వెళ్ళి ముద్ర పడి రావాలి. ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నావు, నీకు తెలీదా?"

లియోనా సిరా మరకల చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అయితే రాసుకో. లియోనా క్రిచ్ అబద్ధం ఆడిందని రాసుకో. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు."

ఆగ్నెస్ నోరు తెరిచేలోపు ఫోను మోగింది. లియోనా ఎత్తి, విని, అందించింది. "నీకే. ఆ సిటీ పెద్దమనిషి."

ఇన్‌స్పెక్టర్ గార్లాండ్ పైక్ గొంతులో చలి కంటే విసుగే ఎక్కువగా ఉంది. "చర్చిలో ఉన్నాను సార్జెంట్. కేసు మూసేస్తున్నాను. చెప్పేదేమైనా ఉంటే వచ్చి చెప్పండి. లేకపోతే సంతకం పెట్టి వెళ్ళండి."

*

నేలమాళిగ మెట్ల కింద పైక్ నిలబడి ఉన్నాడు. మెరిసే బూట్లు బొగ్గు మసిలో పడకుండా ఆఖరి మెట్టు మీదే ఆగాడు.

"ముసలాయన. చీకటి మెట్లు. పట్టుకోడానికి కడ్డీ లేదు. జారాడు, తల పగిలింది, పోయాడు," అన్నాడు. "ఇది తేల్చడానికి మీకింత సేపా? నిద్ర తక్కువైనట్టుంది."

"అయింది. ఆయన పాటల పుస్తకాలు రెండు కట్టలుగా కట్టి పెద్ద గుమ్మం దగ్గర పెట్టాడు. వచ్చిన పని అయిపోయింది. ఇంక కిందికెందుకు దిగాడు?"

"బాయిలర్ చూడ్డానికి. చెడిపోయిందని పేపర్లో పడిందిగా."

"చెడిపోయిన బాయిలర్ దగ్గర పియానో మాస్టారికేం పని? చెడిపోలేదు కాబట్టే దిగాడు." ఆగ్నెస్ ఆయన పక్కనుంచి మసి నేల మీదికి దిగింది. "బొగ్గు వేసే మనిషి కూడా పేపరు చూశాడు. చూసి రావడం మానేశాడు. ఆదివారానికి ఈ చర్చి చల్లబడిపోయి ఉండాలి. కానీ అంబ్రోజ్ కోసం వచ్చినవాళ్ళు వెచ్చగా ఉందని కోట్లు విప్పారు. నేనొచ్చేసరికి బాయిలర్ తలుపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఎవరో పొయ్యి రాజేశారు. ఆ వెచ్చదనం ఏమిటా అని చూడ్డానికి వచ్చాడు పాపం."

"ఆ రాజేసినవాడే నెట్టాడంటారు."

"ఆయన అరికాళ్ళు చూశారా?"

"నేను డాక్టర్ని కాను."

"నేనూ కాను. బూట్ల అడుగులు శుభ్రంగా ఉన్నాయి. కోటు వీపు మాత్రం నల్లగా ఉంది. శవం దొరికింది అదిగో అక్కడ, మెట్లకి దూరంగా. నడిచి వెళ్ళినవాడికి మసి కాళ్ళకంటాలి. మెట్లకడ్డమని ఎవరో పక్కకి ఈడిస్తే వీపుకంటుతుంది."

పైక్ ఆ దూరాన్ని కళ్ళతో కొలిచాడు. అతను అలా కొలవడమంటే ఒప్పుకున్నట్టేనని ఆగ్నెస్‌కి అనుభవం మీద తెలుసు.

"ఇప్పుడు ఈ గోడ చూడండి," అంది. ఎడమ గోడ మీద నడుము ఎత్తు దాకా నల్లటి చార ఉంది. "బొగ్గు కుప్ప ఏళ్ళ తరబడి ఇక్కడుండేది. ఇప్పుడు కుడి గోడ దగ్గరుంది. టన్ను బొగ్గు, దానంతటది నడిచి వెళ్ళలేదు." ఆమె టార్చితో కింద మట్టిలో పొడిచింది. పిడి దాకా మెత్తగా దిగిపోయింది.

"నిన్న పనివాళ్ళు జరిపి ఉంటారు."

"పనివాళ్ళని నేనే ఆపాను. వాళ్ళు నిన్న మొదలుపెట్టాల్సింది. పాత బాయిలర్ తీసేసి, నేలంతా తవ్వి సిమెంటు వేయడానికి. అదీ కిందటి నెల పేపర్లోనే పడింది, పనివాళ్ళ శీర్షిక కింద, టెండర్లు కావాలని. అది చదివి ఎవడికో గుండెలో రాయి పడింది. వాళ్ళు పార వేసేలోపు తను వేయాలి. మామూలు రోజైతే పార చప్పుడు పక్కింట్లో ఫాదర్‌కి వినపడుతుంది. రాత్రయితే వీధంతా లేస్తుంది. అందుకని పట్టపగలే వీధి ఖాళీ చేయించాడు. ప్రకటన వేసి మనందర్నీ ఊరి చివరికి తోలాడు."

"బాగుంది," పైక్ నవ్వాడు. "ఏం తవ్వుకుపోయాడు, లంకెబిందెలా?"

ఆగ్నెస్ మోకాలు తిట్టే తిట్లు వింటూనే బాయిలర్ ముందు కూర్చుని, బూడిద అర బయటికి లాగి, జల్లెడ పట్టింది. బొగ్గు బూడిద. ఇంకా బూడిద. తర్వాత గుడ్డ కాలిన ముద్ద ఒకటి. అందులో అంటుకుని ఏదో గట్టిగా తగిలింది. రుమాలుతో రుద్దింది. ఇత్తడి గుండీ. మీద లంగరు బొమ్మ.

ఆమె దాన్ని టార్చి వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"ఏమిటది?" అన్నాడు పైక్. ఈసారి బూట్ల సంగతి మరచిపోయి మసిలోకి దిగాడు.

"రీటా టీచరు ఆకుపచ్చ కోటు గుండీ. లెక్కలు రాకపోతే నేను పలక మీద ఈ లంగరు గీసుకుంటూ కూర్చునేదాన్ని. ఆవిడ చూసి, నవ్వి, లంగరు మూడింతలు చేస్తే ఎన్ని లంగర్లని అడిగేది." ఆగ్నెస్ రీటా ఎవరో, వాల్టర్ క్రిచ్ ఎవరో, ఊరు ఏమనుకుందో నాలుగు మాటల్లో చెప్పింది.

పైక్ కళ్ళు మెరిశాయి. "అంటే లేచిపోలేదు. ఆ వాల్టర్ ఈ పిల్లని చంపి ఇక్కడ పూడ్చి, ఒక్కడే పడవెక్కాడు. భార్యకి తెలుసు. టెండరు చూసి భార్యే ఈ తప్పుడు ప్రకటన వేసింది. పేజీ ఆవిడదే. పోస్టులో వచ్చిందని మీకు అబద్ధం కూడా చెప్పే ఉంటుంది."

"చెప్పింది. కానీ అరవై ఎనిమిదేళ్ళ మనిషి టన్ను బొగ్గు ఎత్తిపోయలేదు."

"వాల్టర్ తిరిగొచ్చి ఉంటాడు. ఇప్పుడే వెళ్ళి ఆవిణ్ణి అరెస్టు చేస్తున్నాను."

"ఇందాక ప్రమాదమన్నారు."

"ఇందాక మీరు గుండీ చూపించలేదు."

"ఇన్‌స్పెక్టర్ గారూ, సంకెళ్ళు చూపిస్తే ఆవిడ నోరు మూసుకుంటుంది. ఆవిడ మూసుకుందంటే మనిద్దరం రిటైరయ్యేదాకా తెరవదు. నన్ను ముందు మాట్లాడనివ్వండి."

పైక్ చేతి తొడుగులు వేసుకున్నాడు. "ఒక టీ తాగేంత సేపు. నేను బయట కారులో ఉంటాను. ఇంజను ఆపను."

*

ఆగ్నెస్ గుండీ తీసి టైపు మిషను పక్కన పెట్టింది.

లియోనా కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. "ఇది ఆ పిల్లది. ఎక్కడిది నీకు?"

"చర్చి బాయిలర్ బూడిదలో దొరికింది. ఆవిడ పడవెక్కలేదు పిన్నీ. ఇన్నాళ్ళూ బొగ్గు కుప్ప కింద ఉంది."

లియోనా ముఖంలో రక్తం ఇంకిపోయింది. "అంటే... వాల్టరే? నన్నొదిలేసి పోయినవాడనే అనుకున్నా. చంపినవాడు కూడానా?"

"వాల్టర్‌ని కాపాడ్డానికి నువ్వే ఆ ప్రకటన వేశావంటున్నాడు పైక్. బయట కారులో ఉన్నాడు."

"వాల్టర్ కోసమా!" లియోనా నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఆగ్నెస్ తల తిప్పుకుంది. "వాడు కాలిపోతుంటే గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యను, ఆగ్గీ. వాడి కోసం నేనొక అక్షరం కొడతానా?"

"మరెవరి కోసం కొట్టావు?"

స్టవ్‌లో కట్టె చిటపటలాడింది. వీధిలో పైక్ కారు ఇంజను గురగురమంటోంది.

"గస్ అడిగాడు," అంది లియోనా.

గస్ మహేనీ. ఐస్ హాలు చూసుకునే మనిషి. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరికీ స్కేట్ల తాడు కట్టడం నేర్పిన గస్ బాబాయ్.

"ఈ ఏడాదితో హాలు మూసేస్తామంటోందట కౌన్సిలు. ఊరంతా ఒక్క పూట ఆ చలిలో కూర్చుంటే పైకప్పు సంగతి వాళ్ళకే తెలుస్తుంది, ఎవరికీ నష్టం లేదు లియోనా, ఎవరు వేయించారంటే మాత్రం చెప్పకు అన్నాడు. నవ్వుతూ అన్నాడు." ఆమె గుండీని వేలితో దూరంగా జరిపింది. "వాల్టర్ వెళ్ళిపోయిన శీతాకాలం నుంచీ నా మెట్ల మీద మంచు ఎత్తేది గస్సే. కట్టెలు కొట్టి పేర్చేదీ గస్సే. లోపలికి రా, టీ తాగు అంటే ఒక్కనాడూ గడప దాటలేదు. అలాంటి మనిషి ఇన్నేళ్ళకి ఒక్కటి అడిగితే కాదంటానా? అంబ్రోజ్ పోయాడని విన్నాక నాకు అనుమానమొచ్చింది. కానీ జారిపడ్డాడన్నారుగా. అదే నిజమనుకుందామనుకున్నా."

"అప్పట్లో చర్చి బాయిలర్‌కి బొగ్గు వేసిందెవరు పిన్నీ?"

"గస్సే. హాలింకా కట్టలేదుగా అప్పటికి. ఆ రీటాని పెళ్ళి చేసుకుంటానని అందరితో చెప్పుకునేవాడు, ఆ పిల్ల మాత్రం..." లియోనా ఆగిపోయింది.

ఆదివారం హీటర్ల స్విచ్ ఎవరికీ దొరకని సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆగ్నెస్‌కి. ఊరంతా వచ్చిన రోజున హాలు మనిషే హాల్లో లేడు. ఆమె పేపరు మళ్ళీ అందుకుంది.

"పూజకి గంట చాలు. ఉదయం ప్రాక్టీసు ఒక్కటి ఆపితే సరిపోయేది. ఆదివారం ఏ జట్టుకూ లేదని ఎందుకు రాయించాడు?"

"నేనూ అడిగాను. రోజంతా అని రాయి, సాయంత్రం దాకా ఒక్క పిల్లాడు కూడా రాకూడదు అన్నాడు."

ఆగ్నెస్ లేచింది. "నువ్విక్కడే ఉండు. తలుపు గడి పెట్టుకో."

*

"గస్ ఆ ఎముకల్ని సముద్రంలో పారేసి ఉంటాడు," అన్నాడు పైక్ కారులో. "ఎవడైనా అదే చేస్తాడు."

"సముద్రమెక్కడుంది ఇప్పుడు? గడ్డకట్టిపోయింది, దాని మీద లారీ నడుపుకుంటూ పోవచ్చు. రోడ్డు తెరిచారు గానీ, దాని మీద వెళ్ళే ప్రతి బండినీ ఊరంతా చూస్తుంది. మంచు కరిగేదాకా ఎక్కడో దాచాలి. తన తాళం ఉన్నచోట దాస్తాడు."

"ఇది తప్పయితే నా పేరు మీద ఫిర్యాదు వస్తుంది, ఆగ్నెస్."

"నా పేరు రాయండి. నా పేరుకి ఇంక చెడిపోయేదేమీ లేదు."

గస్ హాల్లో ఒక్కడే ఉన్నాడు. కాళ్ళకి స్కేట్లున్నాయి. వెడల్పాటి పారతో ఐస్ మీది పొట్టు నెడుతున్నాడు. వయసు పైబడినా భుజాలు తలుపంత ఉన్నాయి.

"ఆగ్గీ! మోకాలెలా ఉందే? వేడినీళ్ళ కాపడం పెట్టమన్నానుగా."

"పెట్టలేదు బాబాయ్. తీరిక లేదు." ఆమె గోడ పట్టుకుని హాలు ఆ చివరికి నడిచింది. పైక్ వెనకాలే జారుతూ వచ్చాడు. అక్కడ, గోల్ వెనకాల, ఐస్ పొట్టు పారబోసే గొయ్యి ఉండేది. హాకీ బిళ్ళ అందులో పడితే తియ్యడానికి పిల్లలంతా పోట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడక్కడ గొయ్యి లేదు. కొత్త ఐస్ అద్దంలా ఉంది.

"గొయ్యేదీ?"

"పూడ్చేశా. ఏ పిల్లాడైనా కాలు విరగ్గొట్టుకుంటాడని భయం."

"ఎప్పుడు పూడ్చావు?"

"మొన్న. ఖాళీగా ఉందిగా హాలు."

"ఎందుకు ఖాళీగా ఉంది?"

"పేపర్లో పడిందిగా, ప్రాక్టీసు లేదని."

"నీ హాలు గురించి నీకు తెలియకుండా పేపర్లో పడిందా బాబాయ్? మరి ఆదివారం పొద్దున ఊరంతా ఇక్కడ వణుకుతుంటే నువ్వెక్కడున్నావు? హీటరు వేసే దిక్కు లేకపోయింది."

గస్ పార గోడకి ఆనించాడు. నవ్వు ముఖం మీద ఇంకా ఉంది గానీ కళ్ళలో లేదు. "ఒంట్లో బాగాలేక ఇంట్లో పడుకున్నా."

"ఈ ఐస్ పగలగొట్టాలి. అభ్యంతరమా?"

"కాగితం తెచ్చావా కోర్టు నుంచి?"

"లేదు," అంది ఆగ్నెస్. ఆమె గోడకానించి ఉన్న గునపం తీసింది. గునపం ఎత్తగానే మోకాలు మెలితిరిగి కూలబడబోయింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి గునపం అందుకుంది.

"హాలు కౌన్సిలుది. చైర్మన్ ఒప్పుకుంటాడు, నేను చూసుకుంటాను," అన్నాడు పైక్. కోటు విప్పి బెంచీ మీద పడేశాడు. మొదటి దెబ్బకి ఐస్ నక్షత్రంలా పగిలింది.

గస్ పారిపోలేదు. బెంచీ మీద కూర్చుని, వంగి, నిదానంగా స్కేట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి విప్పి పక్కన పెట్టాడు. రెండోది విప్పుతూ ఆగిపోయాడు.

"పూజ అయ్యేలోపు అయిపోయేది," అన్నాడు కింద చూస్తూ. "ఎవరది, అన్నాడు అంబ్రోజ్. పాట పాడే గొంతుతోనే అడిగాడు. పార నా చేతిలో ఉంది. ఆగ్గీ, నేను వెనక్కి కూడా తిరగలేదు. అలాగే విసిరాను."

"రీటా టీచర్ని కూడా అలాగేనా?"

పైక్ గునపం చెక్కకి తగిలింది. ఐస్ ముక్కలు చేతుల్తో తోడి, పలక పైకి లేపాడు. కింద గోనెసంచి ఉంది. మూతి విప్పి చూసి ఆగిపోయాడు. మళ్ళీ చెయ్యి పెట్టి ఇంకో సంచి పట్టుకున్నాడు.

"సార్జెంట్," అన్నాడు. అతని గొంతులో ఎప్పుడూ ఉండే ఆ విసుగు లేదు. "ఇక్కడ రెండు పుర్రెలున్నాయి."

ఆగ్నెస్ పాకినట్టుగా దగ్గరికెళ్ళింది. రెండో సంచి అడుగున ఎముకలతో పాటు ఒక బూటుంది. తోలు కాలితే కంపు కొడుతుందని పొయ్యిలో వెయ్యలేదేమో, లేక అంబ్రోజ్ వచ్చేసరికి వ్యవధి చిక్కలేదేమో. ఎండి బిగుసుకుపోయిన ఎడమకాలి బూటు. దాని అడుగు మామూలు బూటుకి రెండింతల మందం. పొర మీద పొర తోలు వేసి చేత్తో కుట్టించిన అడుగు. వాల్టర్ క్రిచ్‌కి ఎడమకాలు పొట్టి. ఊళ్ళో అలాంటి బూటు ఇంకొకరికి లేదు.

వెనక తలుపు చప్పుడైంది. లియోనా. ఏప్రన్ మీదే కోటు తొడుక్కుని, తలకి ఏమీ కట్టుకోకుండా నడిచి వచ్చేసింది.

"రీటాయేనా?" అంటూ దగ్గరికొచ్చింది.

ఆగ్నెస్ లేచి అడ్డం నిలబడింది. "పిన్నీ, వద్దు. బయటికి వెళ్దాం రా."

లియోనా ఆమె భుజం మీదుగా చూసింది. ఆ మందపాటి అడుగు బూటు కనిపించింది. హాల్లో అందరి ఊపిరీ ఆవిరై లేస్తోంది.

"గస్," అని పిలిచింది, పక్కింటి మనిషిని పిలిచినంత మామూలుగా. "వాల్టర్ ఇక్కడేం చేస్తున్నాడు?"

గస్ తలెత్తలేదు. "ఆ పిల్ల కేక విని దిగాడు. చర్చిలో పేపర్లు ఇచ్చి పోదామని వచ్చాడు. కేక విని దిగాడు. మా మధ్యకొచ్చి నిలబడ్డాడు." విప్పిన స్కేటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "వాళ్ళిద్దరి మధ్యా ఏమీ లేదు లియోనా. ఎప్పుడూ లేదు. పడవ దగ్గర చూశానని పుట్టించింది నేనే."

పైక్ సంకెళ్ళు తీశాడు. గస్ అడక్కుండానే చేతులు చాపాడు.

లియోనా ఐస్ మీద కూర్చుంది. "ఈ పొద్దున కూడా తిట్టాను," అంది, ఎవరితోనో తెలియకుండా. "మంచు పడుతుంటే లేచి, ఆ కుంటోడు ఎక్కడో వెచ్చగా ముసుగు తన్ని పడుకునుంటాడని తిట్టాను. మెట్లు శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. గస్ వచ్చి వెళ్ళాడు కాబోలు, దేవుడు చల్లగా చూడాలి అనుకున్నాను."

ఆమె సంచి వైపు చెయ్యి చాపింది.

"అమ్మా, అది సాక్ష్యం," అన్నాడు పైక్ మెల్లగా. "ముట్టుకోకూడదు."

"ముట్టుకోనివ్వండి," అంది ఆగ్నెస్.

పైక్ గస్‌ని లేపి, తలుపు వైపు తిప్పి నడిపించాడు. ఒక కాలికి స్కేటుతో గస్ కుంటుతూ వెళ్ళాడు.

లియోనా బూటు ఒళ్ళోకి తీసుకుంది. ఏప్రన్ కొంగు నోటితో తడి చేసుకుని, బూటు మొన మీది మట్టి తుడవడం మొదలుపెట్టింది.